మొదటి అక్షరాల చుట్టరికం

ఇంగ్లీషు నిఘంటువులో ‘జీ, ఎల్’ అక్షరాలతో మొదలయ్యే పుటలను వరుసగా చదువుకుంటూ పోతే, వెలుగుకో చూపుకో సంబంధించిన మాటలు అక్కడ గుంపు కట్టినట్టు కనిపిస్తాయి. గ్లో అంటే మంట లేకుండా కణకణలాడే కాంతి. గ్లిట్టర్ అంటే తళతళలాడటం. గ్లిమ్మర్ అంటే మిణుకుమిణుకుమనడం. గ్లిసెన్ అంటే తడిసిన వస్తువు నిగనిగలాడటం. గ్లింట్ అంటే కత్తి అంచు మీద చటుక్కున మెరిసి మాయమయ్యే వెలుగు. గ్లేర్ అంటే కళ్లు మిరుమిట్లుగొలిపే కాంతి, లేదా ఉరిమి చూడటం. గ్లాన్స్ అంటే ఒకసారి చూసి చూపు తిప్పేసుకోవడం. గ్లింప్స్ అంటే క్షణకాలం కంటపడటం. ‘ఎస్, ఎన్’ అక్షరాల దగ్గరికి వస్తే వ్యవహారమంతా ముక్కు చుట్టూ తిరుగుతుంది. స్నౌట్ అంటే జంతువు మూతి, స్నోర్ అంటే గురక, స్నీజ్ అంటే తుమ్ము, స్నిఫ్ అంటే వాసన చూడటం, స్నాట్ అంటే చీమిడి, స్నఫ్ అంటే నశ్యం, స్నీర్ అంటే మూతి విరిచి వెక్కిరించడం. అక్షరాల కలయికకే ఒక అర్థం ఉందా, లేక ఇదంతా చూసేవారి భ్రమా అన్న ప్రశ్నకు భాషాశాస్త్రం ఇచ్చే సమాధానం ఒక్క ముక్కలో తేలేది కాదు. ఎందుకంటే, ఒకే అక్షరాలతో మొదలయ్యే పదాలు ఒకచోట చేరడానికి కారణాలు అనేకం, వాటిలో ప్రతి కారణానికీ వేరే చరిత్ర ఉంది.

శబ్దానికీ అర్థానికీ సహజసంబంధం ఉందా అన్న విచారణ చాలా పాతది. ప్లేటో రాసిన ‘క్రాటిలస్’ అనే సంభాషణలో సోక్రటీసు, గ్రీకు రకారం కదలికనూ లకారం నునుపునూ సూచిస్తాయని ఒక దశలో ప్రతిపాదిస్తాడు. ఇంగ్లీషు విషయంలో ఇలాంటి పదసముదాయాలను పట్టికలుగా కూర్చినవాడు, విచిత్రంగా, ఒక గణితవేత్త. అనంతానికి గుర్తుగా నేటికీ గణితంలో వాడే అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిదిని 1655లో ప్రవేశపెట్టిన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ వాలిస్, అంతకు రెండేళ్ల ముందు, అంటే 1653లో, ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్ భాషలో రాస్తూ, స్ట్రాంగ్, స్ట్రైక్, స్ట్రెచ్, స్ట్రగుల్ వంటి మాటల మొదట ఉన్న మూడు హల్లుల కలయిక బలాన్నీ ప్రయత్నాన్నీ తెలుపుతుందని, ‘డబ్ల్యూ, ఆర్’ జోడీ వంకరనూ మెలికనూ తెలుపుతుందని వివరించాడు.

ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. భాషాశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ మరణానంతరం 1916లో వెలువడిన పాఠాల సంపుటి, పదానికీ అర్థానికీ మధ్య ఉన్నది కేవలం ఒప్పందమే తప్ప సహజబంధం కాదని చాటింది. చెట్టును తెలుగువారు చెట్టు అనడానికీ ఇంగ్లీషువారు ట్రీ అనడానికీ ఆ వస్తువులో ఏ కారణమూ లేదు, సంఘం అలా అలవాటు పడింది కాబట్టి అలా అంటున్నారు. ఇరవయ్యో శతాబ్దపు భాషాశాస్త్రం చాలావరకు ఈ పునాది మీదే నిలిచింది కనుక, జీ–ఎల్ మాటల గుంపు వంటివి కొంతకాలం పాటు వినోదం కోసం చెప్పుకునే విశేషాలుగానే మిగిలాయి.

వాటికి శాస్త్రంలో ఒక పేరు పెట్టినవారు జె. ఆర్. ఫర్త్. 1920లలో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసి, తర్వాత లండన్ చేరి, 1930ల చివరలో మళ్లీ భారతదేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగు ఉచ్చారణను కూడా పరిశీలించిన ఈ పండితుడు, 1930లో ప్రచురించిన ‘స్పీచ్’ అనే చిన్న పుస్తకంలో ‘ఫోనెస్తీమ్’ అనే పదాన్ని వాడారు. ధ్వని, అనుభూతి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల కలయిక ఇది. ఒక ధ్వనుల గుచ్ఛం తనంతట తాను పదం కాకపోయినా, ఉపసర్గలాగా విడదీయడానికి వీలు లేకపోయినా, చాలా పదాల్లో ఒకే రకమైన భావంతో పదేపదే కనిపిస్తే దాన్ని ఫోనెస్తీమ్ అంటారు. ఉపసర్గతో దీనికున్న తేడా గమనించదగ్గది. అన్‌హ్యాపీలో ‘అన్’ తీసేస్తే హ్యాపీ అనే నిండు పదం మిగులుతుంది, కానీ గ్లిట్టర్‌లో గ్ల్ తీసేస్తే మిగిలిన ‘ఇట్టర్’ ఏ అర్థమూ లేని శబ్దం. ఫర్త్ దృష్టిలో ఈ శక్తి ధ్వనిలో పుట్టుకతో వచ్చింది కాదు; ఒకే సందర్భాల్లో ఒకే ధ్వనులు వినీ వినీ ఆ భాషీయులకు అబ్బిన అలవాటు.

ఆ అలవాటు నిజంగా మనసులో ఉందా అన్నది చాలాకాలం పాటు ఊహగానే మిగిలింది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త బెంజమిన్ బెర్గెన్ 2004లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఈ లోటును కొంత తీర్చింది. తెర మీద ముందు ఒక పదాన్ని క్షణంలో చూపించి, వెంటనే రెండో పదం చూపి, అది ఇంగ్లీషు పదమేనా కాదా అని అడిగితే, గ్లిట్టర్ తర్వాత గ్లో కనిపించినప్పుడు జవాబు త్వరగా వచ్చింది. అక్షరాలు మాత్రమే కలిసిన జంటల్లో గానీ, అర్థం మాత్రమే కలిసిన జంటల్లో గానీ అంత వేగం కనబడలేదు. రెండూ కలిసినప్పుడే మెదడు ఆ బంధాన్ని గుర్తుపట్టింది. ఆయన పరిశీలించిన పాఠసంచయంలో జీ–ఎల్‌తో మొదలయ్యే విడి పదాల్లో సుమారు 39 శాతం వెలుగుకో చూపుకో చెందినవి. ఈ అంకెను తిరగేసి చదవడం కూడా అవసరమే: ఆ లెక్కన తక్కిన 61 శాతం పదాలకు వెలుగుతో పనే లేదు. గ్లవ్ చేతి తొడుగు, గ్లూ జిగురు, గ్లోబ్ గోళం, గ్లోసరీ నాలుక అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పదాల పట్టిక.

అయితే ఆ 39 శాతమైనా ఎలా పోగయింది? సగం జవాబు వంశవృక్షంలో ఉంది. ఇంగ్లీషు, సంస్కృతం, గ్రీకు, లాటిన్, పర్షియన్ వంటి భాషలకు ఉమ్మడి పూర్వరూపంగా పండితులు పునర్నిర్మించిన మూల ఇండో–యూరోపియన్ భాషలో ‘ఘెల్’ అనే ధాతువు ఉండేదని, దానికి మెరవడం, పసుపు–ఆకుపచ్చ రంగుల ఛాయ అనే అర్థాలు ఉండేవని చెబుతారు. గ్లో, గ్లీమ్, గ్లాస్ వంటి మాటలు ఆ కుదురులోవే. గోల్డ్, యెల్లో కూడా అక్కడివే. క్లోరిన్ వాయువు పేరుకు మూలమైన, లేత ఆకుపచ్చ అనే అర్థమున్న గ్రీకు మాటా అదే వంశం. సంస్కృతంలో ఆ ధాతువు సంతతి హరితం, హిరణ్యం. తెలుగువాడు హిరణ్యకశిపుడి పేరు పలికినప్పుడు వినిపించే హిరణ్యానికీ, ఇంగ్లీషువాడు గోల్డ్ అనే మాటకూ మూలం ఒక్కటే. ఒకే అక్షరంతో మొదలుకాని ఈ రెండూ రక్తసంబంధులు కాగా, జీ–ఎల్‌తో మొదలయ్యే గ్లోకూ గ్లోబ్‌కూ చుట్టరికమే లేదు. మొదటి అక్షరాలను నమ్ముకుని పదాల బంధుత్వం తేల్చడంలో ఉన్న చిక్కు అంతా ఇక్కడే ఉంది.

మిగిలిన సగం జవాబు ఇంకా ఆసక్తికరమైనది: గుంపు ఒకసారి ఏర్పడ్డాక బయటివాటిని తన వైపు లాక్కుంటుంది. సినిమా వార్తల పుణ్యమా అని తెలుగులో కూడా రోజూ వినబడే గ్లామర్ అనే మాట పుట్టింది గ్రామర్ నుంచి. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం అంటే లాటిన్ చదువు, లాటిన్ చదువు అంటే సామాన్యుడికి అర్థంకాని విద్య, అర్థంకాని విద్య అంటే మంత్రతంత్రాలు అన్న భావన ప్రబలి, స్కాట్లండ్‌లో గ్రామర్ కాస్తా గ్లామర్‌గా మారి, కనికట్టు అనే అర్థంలో స్థిరపడింది. వాల్టర్ స్కాట్ రచనల ద్వారా అది ఇంగ్లండ్‌కు తెలిసింది. కనికట్టు క్రమంగా కళ్లు చెదిరే ఆకర్షణగా మారడంలో గ్లిట్టర్, గ్లీమ్ వంటి పొరుగు మాటల ప్రభావం కొంత ఉండవచ్చనుకోవడంలో తప్పు లేదు. వ్యాకరణమంటే విసుక్కునే విద్యార్థులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

తుమ్ము కథ ఇంకా విచిత్రం. స్నీజ్ అనే మాట మొదట ఎస్–ఎన్ గుంపులోది కానేకాదు. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘ఫ్నేఒసన్’. ఫకారం పక్కన నకారం వచ్చే పదాలు ఆ భాషలో కొన్నే ఉండేవి, అవి కూడా ఊపిరికీ తుమ్ముకూ గురకకూ చెందినవే. క్రమంగా ఆ కలయిక అరుదైపోయింది. పైగా, ఆనాటి రాతలో ‘ఎస్’ అక్షరాన్ని పొడుగ్గా రాసే పద్ధతి ఉండేది. అది చూడటానికి దాదాపు ‘ఎఫ్’లాగే ఉండేది. అలవాటు తప్పిన ఎఫ్–ఎన్‌ను పొడుగు ఎస్–ఎన్‌గా చదివిన పొరపాటు వల్ల స్నీజ్ పుట్టి ఉంటుందని నిఘంటుకారులు భావిస్తారు. ఆ పొరపాటు నిలదొక్కుకోవడానికి కారణం మాత్రం ముక్కు మాటలన్నీ అప్పటికే ఎస్–ఎన్ గూటిలో చేరి ఉండటమే కావచ్చు. మరో వంక స్నో, స్నేక్, స్నెయిల్ అదే పుటలో ఉన్నా ముక్కుతో వాటికి నిమిత్తం లేదు.

ఈ రకం పదజాలం తెలుగువారికి కొత్త కాదు. మిలమిల, మిణుకు, మిణుగురు, మిరుమిట్లు, మెరుపు, మెరుగు అనే మాటల్లో మకారం వెలుగుతో జతకట్టింది. అంతమాత్రాన మినుములూ మిరియాలూ మెరవవు. గలగల, జలజల, తళతళ వంటి జంటమాటలు దక్షిణ, ఉత్తర భారత భాషలన్నింటికీ ఉమ్మడి లక్షణమని, వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలు చిరకాలం ఒకేచోట మెలగడం వల్ల ఇలాంటి పోలికలు ఏర్పడ్డాయని ద్రావిడ భాషాపండితుడు ఎమెనో 1969లో రాసిన వ్యాసంలో నిరూపించారు.

ఫోనెస్తీమ్‌లలో మినహాయింపులే ఎక్కువ. కానీ మొదటి అక్షరం నిజంగానే వ్యాకరణపు పని చేసే చోటు కూడా ఇంగ్లీషులో ఒకటుంది. వేర్, వెన్స్, విదర్ అనే మాటలు ఎక్కడ, ఎక్కడినుంచి, ఎక్కడికి అని అడుగుతాయి. దేర్, దెన్స్, దిదర్ అక్కడ, అక్కడినుంచి, అక్కడికి అని చూపుతాయి. హియర్, హెన్స్, హిదర్ ఇక్కడ, ఇక్కడినుంచి, ఇక్కడికి అని చెబుతాయి. మొదటి హల్లు ఒక్కటి మారితే ప్రశ్న, దూరం, దగ్గర అనే మూడు భావాలు మారిపోతున్నాయి. ఈ అమరిక తెలుగు పాఠకులకు పుట్టుకతో తెలిసినదే: ఎక్కడ, అక్కడ, ఇక్కడ, ఎప్పుడు, అప్పుడు, ఇప్పుడు, ఎంత, అంత, ఇంత. నిజానికి తెలుగులో అది ఇంగ్లీషులో కంటే పూర్తిగా, శుభ్రంగా ఉంది. ఇంగ్లీషులో వెన్స్, విదర్ వంటివి వాడుక తప్పి పాత పుస్తకాల్లోనే మిగిలాయి. ‘డబ్ల్యూ, హెచ్’ ప్రశ్నపదాల అసలు మూలం క్వ్ అనే ధ్వని. అందుకే సంస్కృతంలో అవి కః, కిమ్, కదా అని కకారంతోను, లాటిన్‌లో ‘క్యూ’ అక్షరంతోను మొదలవుతాయి. ఇంగ్లీషు, జర్మన్ భాషలు చెందిన జర్మానిక్ శాఖలో పాత కకారం హకారంగా, పకారం ఫకారంగా మారిన ఈ క్రమాన్ని సూత్రబద్ధం చేసినవాడు జాకబ్ గ్రిమ్. తమ్ముడితో కలిసి జానపద కథలు సేకరించిన ఆయనే 1822లో ఈ సూత్రాన్ని ప్రకటించాడు. సంస్కృతంలో పాదం ఉన్నచోట ఇంగ్లీషులో ఫుట్, పితృ ఉన్నచోట ఫాదర్ ఉండటం ఆ సూత్రం ప్రకారమే.

‘టీ, హెచ్’ జోడీలో ఇంగ్లీషు లిపి దాచిన ఒక రహస్యాన్ని తెలుగు లిపి బయటపెడుతుంది. ఇంగ్లీషువారు రెండింటికీ ఒకే అక్షరాలు వాడినా, తెలుగువారు ది, దిస్, దట్, దెన్, దే, దో అని కొన్నింటిని దకారంతోను, థిన్, థిక్, థింక్, థీమ్, థండర్ అని మరికొన్నింటిని థకారంతోను రాస్తారు. మొదటి జాబితాలో ఉన్నవన్నీ వాక్యంలో పదాలను కలిపే, చూపే చిన్న వ్యాకరణపదాలు. రెండో జాబితాలో ఉన్నవి వస్తువులను, గుణాలను, పనులను చెప్పే నిండు పదాలు. వాక్యంలో ఊనిక లేకుండా తేలిపోయే చిన్న పదాల్లో ఆ ధ్వని మెత్తబడి దకారానికి దగ్గరయింది, ఊనిక ఉన్నచోట పరుషంగానే నిలిచింది. థ్రూ వంటి ఒకటి రెండు మినహాయిస్తే ఈ విభజన ఆశ్చర్యకరంగా కచ్చితమైనది.

పలకని అక్షరాల కథ క్లుప్తంగానైనా చెప్పుకోక తప్పదు. నీ, నో, నాట్, నైఫ్, నైట్ అనే మాటల మొదట రాతలో ఉండి నోట రాని ‘కే’ అక్షరాన్ని పూర్వం స్పష్టంగా పలికేవారు, జర్మన్‌లో మోకాలును నేటికీ ‘క్నీ’ అనే అంటారు. మోకాలు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటా, ఆజానుబాహువులోని జాను శబ్దమూ ఒకే మూలానివి. తెలుసుకోవడం అనే అర్థమున్న నో, జ్ఞానంలోని జ్ఞా ధాతువు మరో ఒకే మూలానివి. రెండు వేర్వేరు వంశాలు ఇంగ్లీషుకు వచ్చేసరికి ఒకే వేషం వేసుకున్నాయి. వాలిస్ గమనించిన ‘డబ్ల్యూ, ఆర్’ పదాల్లో రిస్ట్, రెజిల్, రింగ్, రిగుల్ వంటివి మణికట్టు తిరగడం, కుస్తీ మెలికలు, గుడ్డ పిండటం, పురుగు మెలికలు తిరగడం అనే అర్థాల్లో ఉండగా, రాయడం అనే అర్థమున్న రైట్ మాత్రం గీకడం, చెక్కడం అనే అర్థం నుంచి వచ్చింది; రాయి మీదా కొయ్య మీదా అక్షరాలు గీసిన కాలపు గుర్తు అది.

అర్థం లేని అక్షరాలు అరువు పదాలతో పాటు అంటుకుని వచ్చిన ఉదంతం ‘ఏ, ఎల్’ మాటలది. అరబిక్‌లో ‘అల్’ అనేది నామవాచకానికి ముందు వచ్చే ఉపపదం, ఇంగ్లీషు ‘ది’ వంటిది. 711 నుంచి 1492 వరకు ఐబీరియా ద్వీపకల్పంలో ఏదో ఒక ప్రాంతం ముస్లిం పాలనలో ఉండటం వల్ల స్పానిష్, పోర్చుగీసు భాషల్లోకి, 12వ శతాబ్దంలో టొలీడో వంటి పట్టణాల్లో సాగిన అనువాదాల వల్ల లాటిన్‌లోకి అరబిక్ మాటలు ఉపపదంతో సహా చేరాయి. బాగ్దాదులో 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గణితగ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అంటే విరిగినదాన్ని తిరిగి అతికించడం. సమీకరణంలో తీసివేతగా ఉన్న పదాన్ని అవతలి వైపు కలపడాన్ని ఆయన అలా అన్నాడు. అదే ఆల్జీబ్రా. స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాడిని కూడా ఆ మాట నుంచి వచ్చిన పేరుతోనే పిలిచేవారు. భారతీయ అంకెలను వివరిస్తూ ఆయన రాసిన మరో పుస్తకం లాటిన్ అనువాదంలో ఆయన పేరే పద్ధతి పేరుగా మారి అల్గారిథమ్ అయింది. ఆల్కహాల్ మూలమైన ‘అల్ కుహ్ల్’ అంటే కళ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడి అనే అర్థం నుంచి వస్తువులోని సారం అనే అర్థం, అక్కడి నుంచి సారాయి సారం అనే అర్థం వచ్చాయి. కాటుక కాస్తా మద్యమైన ఈ ప్రయాణంలో అర్థం మారింది గానీ మొదటి రెండు అక్షరాలు చెక్కుచెదరలేదు.

ఇక్కడా ఉచ్చులున్నాయి. కొన్ని హల్లుల ముందు ‘అల్’లోని లకారం ఆ హల్లుగా మారిపోతుంది, అల్ సలామ్ అని రాసినదాన్ని అస్సలామ్ అని పలకడం తెలుగునాట అందరూ వినేదే. అలాగే అల్ సుక్కర్ అస్సుక్కర్ అయి స్పానిష్‌లో ‘అసూకర్’గా స్థిరపడింది, ఇటాలియన్, ఫ్రెంచి మార్గంలో వచ్చిన ఇంగ్లీషు షుగర్‌కు మాత్రం ఉపపదం అంటలేదు. రెండింటికీ ఆది మన శర్కరే. ఆల్ఫబెట్ అరబిక్ కాదు, ఆల్ఫా, బీటా అనే గ్రీకు అక్షరాల పేర్ల జంట. తెలుగిళ్లలో బట్టలూ పుస్తకాలూ సర్దుకునే అల్మారా కూడా అరబిక్ ఉపపదం పెట్టుకున్నట్టే కనిపిస్తుంది. కానీ అది లాటిన్ మూలం నుంచి పోర్చుగీసు వారి ద్వారా వచ్చిన మాట, దాని అసలు రూపంలో లకారం స్థానంలో ఉన్నది రకారం.

ఇన్ని దారులు ఉండగా, పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం ఉపసర్గల పట్టిక ఒకటి ముద్రించి, ‘ఇన్’ అంటే వ్యతిరేకం, ‘ప్రీ’ అంటే ముందు, ‘మిస్’ అంటే తప్పు అని ఒక్కో అర్థం రాసి ఊరుకుంటాయి. ఆ పట్టికను నమ్మిన విద్యార్థి, పెట్రోలు ట్యాంకరు వెనక రాసి ఉండే ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాటను మంట అంటుకోనిది అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అక్కడి ‘ఇన్’ వ్యతిరేకార్థకం కాదు, లోపలికి అనే అర్థమున్న వేరే లాటిన్ ఉపసర్గ. ఆ మాటకు అర్థం తేలికగా అంటుకునేది అని. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. ప్రెస్, ప్రిటీ అనే మాటల్లో ‘ముందు’ లేదు, మిసైల్‌లో తప్పు లేదు. విసరడం, పంపడం అనే అర్థమున్న లాటిన్ క్రియ ఉంది. ఇంగ్లీషు నిఘంటువులో టెలిస్కోప్, టెలివిజన్ దాటాక కాస్త దూరంలోనే తెలుగు అనే మాట కూడా ఉంటుంది, దూరం అనే అర్థమున్న గ్రీకు ‘టెలి’కి దానితో ఏ సంబంధమూ లేకపోయినా.

పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు చాలావరకు ప్రతి పదానికీ అర్థాలతో పాటు వ్యుత్పత్తి కూడా ఇస్తాయి. మొదటి అక్షరాలను బట్టి కొత్త పదానికి అర్థం ఊహించిన విద్యార్థులు, ఆ ఊహను కంఠస్థం చేసే ముందు వ్యుత్పత్తి చెప్పే ఆ రెండు మూడు పంక్తులు చదవాలి, ఉపసర్గల పట్టికలు ముద్రించే ప్రచురణకర్తలు మినహాయింపులను కూడా ఆ పట్టిక కిందే ముద్రించాలి.